మూడు రాజ్యాల్లో పని అడిగిన నీరడి

"రేపు నా బావి మీదికి ఎవరు పోతరు?" అని అడిగాడు.

"నువ్వే పోతవు. జరసేపు పండుకో," అన్నాను.

నాకూ నా పెనిమిటికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత జ్వరంలో ఇంకా ఏవేవో అన్నాడు గానీ అవి నాతో కాదు, ఎద్దులతో. పొద్దు గుంకకముందే ప్రాణం పోయింది.

నాయనా, నువ్వు రాస్తానన్నావు కాబట్టి చెబుతున్నాను. నా చదువు ఓనమాల దగ్గరే ఆగింది. నా పేరు మటుకు వంకరటింకరగా పెట్టగలను. నేను నోటికి వచ్చినట్టు చెబితే నువ్వు దాన్ని బడి భాషలోకి దిద్దుకుంటావని తెలుసు. దిద్దుకో. కానీ మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం దిద్దకు. వాళ్లు ఎట్లా అన్నారో అట్లానే ఉండాలి.

చదివేవాళ్లకు మనమెవరో తెలియదు, అది ముందు రాయి. నువ్వు నా మరిది కొడుకువి. తెల్లవాళ్ల యుద్ధానికి పోయి ఒక కాలు అక్కడే వదిలి వచ్చావు. ఇప్పుడు నాగర్‌కర్నూలు కచేరి ముందర కూర్చొని జనానికి అర్జీలు రాసిపెడుతున్నావు. మొన్న అన్నం తింటూ ఒక సంగతి చెప్పావు. సిపాయిల దవాఖానలో విన్నావట. బిలాయతులో, ఆ తెల్లవాళ్ల దేశంలో, కొత్త కానూను వచ్చిందట. కాలో చెయ్యో కండ్లో పోయినవాళ్లను, పెద్ద పెద్ద కార్ఖానాలు ఇంతమందిని అని పనిలో పెట్టుకోవలసిందేనట. "అట్లాంటిది మన దిక్కు ఏ రాజ్యంలోనూ లేదు పెద్దమ్మా," అన్నావు. నేను ఊరుకోలేకపోయాను. ఎందుకంటే నీ పెదనాయనా నేనూ ఆ పని కోసమే మూడు రాజ్యాలు తిరిగాం.

మూడు రాజ్యాలంటే నవ్వకు. నాగర్‌కర్నూలు దిక్కు నైజాం సర్కారు తానే ఏలే నేల, దాన్ని దివానీ అంటాం. గద్వాల, వనపర్తి సంస్థానాలు. అందరి పైన నైజామే ఉన్నా లోపల ఎవరి కచేరి వాళ్లది, ఎవరి కాయిదా వాళ్లది. పొలిమేర దాటితే జవానుల తలపాగా కూడా మారిపోయేది.

నీ పెదనాయన మన ఊరి చెరువుకు నీరడి. చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసి పంచేవాడు. తాతల నాటి నుంచి మన ఇంటికి వస్తున్న పని. పంట నూర్చినప్పుడు ప్రతి కళ్లంలో నీరడి పాలు ఇంత అని తీసి పక్కన పెడతారు. ఆయనకు నీళ్లంటే పిచ్చి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "తూర్పు కాలువల గండి పడ్డది, ఇంటున్నవా?" అనేవాడు. నాకేమీ వినిపించేది కాదు. పోయి చూస్తే గండి ఉండేది.

నువ్వు పలక పట్టిన ఏడు ఆయనకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా మానింది, కండ్లు మానలేదు. నాగర్‌కర్నూలు కచేరికి పోతే తాసీల్దారు బాగానే మాట్లాడాడు. "కండ్లు పోయినయని నీరడితనం తీసెయ్యనీకి లేదు. పేరు నీదే ఉంటది. పని నీ తమ్ముడు చేస్తడు. కళ్లంల వచ్చిన దాంట్ల ఇద్దరికి చెరిసగం," అన్నాడు. ఆ కాయిదాను నేను తప్పు పట్టను. గుడ్డివాడి నోటి ముందరి ముద్ద ఎవరూ గుంజుకోకుండా కాపాడింది. తర్వాత మేము ఎక్కడ ఉన్నా నీ నాయన ఒక్క ఏడు తప్పకుండా మా సగం బండి మీద వేసుకొని వచ్చి దించి పోయాడు. అట్లాంటి మరిది ఎందరికి ఉంటాడు?

కానీ నీ పెదనాయన మొగులు తెల్లబడకముందే లేచి, కట్టె పొడుచుకుంటూ తూము దగ్గరికి పోయేవాడు. నీళ్లలో పాదం పెట్టి, "ఇంకో బెత్తెడు తీయాలె," అనేవాడు. పని నీ నాయన చేతిలో ఉంది. ఇద్దరి మాటా వినాలంటే రైతులకు తిక్కగా ఉండేది. ఒకనాడు నీ నాయన ప్రేమగానే అన్నాడు: "అన్నా, నువ్వు కూసో. ఇగ నీ పేరే పని చేస్తది."

ఆయన అప్పుడు నవ్వాడు. ఇంటికి వచ్చి పందిరి కింద కూర్చొని నారతో పగ్గాలు పేనడం మొదలుపెట్టాడు. ఆ ఏడు మన ఇంట్లో ఉన్నన్ని పగ్గాలు ఊళ్లో పశువులకు లేవు. ఎవరన్నా అడిగితే ఊరికే ఇచ్చేవాడు. తర్వాత అడిగేవాళ్లు కూడా రాలేదు. ఒకనాడు పగ్గం పక్కన పడేసి, "నా పేరు పని చేస్తుంటె నేనేం చెయ్యాలె ఇంట్ల? పోదాం పా," అన్నాడు.

"యాడికి?"

"పని దొరికిన కాడికి."

మా అమ్మగారి ఊరు గద్వాల సంస్థానంలో ఉంది. మా అన్న గద్వాలలో సంస్థానం గుర్రాలకు గడ్డి వేసేవాడు. అక్కడికే పోదామనుకున్నాం. కృష్ణ నిండుగా ఉంది. బుట్టలా గుండ్రంగా ఉండే పుట్టి పడవ ఎక్కాం. నది నడుమకు పోయేసరికి పుట్టి గిరగిర తిరగడం మొదలుపెట్టింది. అందరం తలలు పట్టుకున్నాం, ఒకామె కక్కుకుంది. ఈయన మాత్రం నిమ్మళంగా కూర్చున్నాడు. పుట్టివాడు చూసి, "నీకేం తిప్పుత లేదా పెద్దమనిషి?" అని అడిగాడు. "కండ్లున్నోళ్లకే తిప్పుతది. నాకు అన్ని దిక్కులు ఒక్కతీర్గనే ఉన్నయి," అన్నాడు. పుట్టిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కండ్లు పోయాక పదిమందిలో ఆయన నవ్వించడం అదే మొదలు.

గద్వాలలో మా అన్న సత్రం పెద్దతో మాట్లాడాడు. అక్కడి పద్ధతి నేను చచ్చేదాకా మెచ్చుకుంటాను. గుడ్డివాళ్లకు, కుంటివాళ్లకు రోజూ విస్తరి ఉంటుంది, ఏడాదికి బట్ట ఉంటుంది. నీ కులమేమిటి, నీకు ఎవరున్నారు అని గుచ్చి గుచ్చి అడగరు. వడ్డించే అయ్య ఈయన చెయ్యి పట్టి విస్తరి చుట్టూ తిప్పి, "ఇది రొట్టె, ఇది పప్పు, ఇగో ఇక్కడ పుంటికూర, ఇది మజ్జిగ," అని చూపించేవాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. వేడి అన్నం, మర్యాద గల మాట. బిచ్చగాడిలా కాదు, చుట్టంలా తిన్నాడు.

కొన్ని నాళ్లు అయ్యాక ఈయన ఆ సత్రం పెద్దను అడిగాడు. "అయ్యా, ఇంతమందికి నీళ్లు తోడాలె గదా. బావి కాడ నన్ను పెట్టున్రి."

ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అయ్యయ్యో, ఏం మాటది. కండ్లు లేనోనితోని పని చేపిచ్చుకుంటె మాకు పాపం తగులుతది. నువ్వు తిను, సల్లగుండు."

అది ఊరికే అన్న మాట కాదు, నిజంగా నమ్మిన మాట. మా అన్న కూడా అదే అన్నాడు. "బావా, నీకేం తక్కువైంది? ఊరికే కూసుంటె తిండి పెడుతుండ్రు. పని అడిగి వాళ్లను పరేషాన్ చెయ్యకు."

ఇంటికి నడుస్తుంటే ఈయన నాతో మెల్లగా అన్నాడు: "నేను తింటె పుణ్యం వాళ్లకు పోతది. పని చేస్తె పాపం వాళ్లకు పోతది. నా మందం ఏం మిగులుతలేదు."

మరునాడు విస్తరి ముందర కూర్చొని చెయ్యి పెట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఈ మనిషికి పని దొరక్కపోతే తిండి ఉండి కూడా బతకడు అనిపించింది.

వనపర్తి సంస్థానం తోటల్లో మోట తోలేవాళ్లు దొరకడం లేదని ఒక మామిడిపండ్ల బండివాడు చెప్పాడు. మళ్లీ కృష్ణ దాటాం. తోట చూసే దారోగా ముసల్మాను, నడి వయసు దాటినవాడు, ఎప్పుడూ దవడలో పాన్ ఉండేది. ఈయన కట్టె చూశాడు, కండ్లు చూశాడు.

"కండ్లు లేవు. ఠీక్ హై. ఏం చేస్తవు?"

"మోట తోల్త సాబ్."

"ఎట్ల తోల్తవు?"

నాయనా, ఇక్కడ జర ఆగు. ఒక చోట నీ పేరు ఉంచుతామన్నారు. ఇంకో చోట నీ కడుపు చూస్తామన్నారు. ఎట్లా చేస్తావు అని ఎవరూ అడగలేదు. ఆ మాట వినగానే ఈయన ముఖంలోకి నెత్తురు వచ్చింది. కట్టె నా చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాడు.

మోట చూడనివాళ్ల కోసం చెబుతాను, రాయి. బావి దరి నుంచి వాలుగా ఒక బాట ఉంటుంది. ఎద్దులు ఆ వాలు దిగుతుంటే మోకు గిలక మీద నడిచి తోలు మోట పైకి వస్తుంది. దాని తొండంలో నుంచి నీళ్లు తొట్టిలో పడి కాలువలోకి పోతాయి. ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ వాలు ఎక్కితే మోట మళ్లీ బావిలోకి దిగి మునుగుతుంది. పొద్దంతా ఇదే.

"మోట మునిగితె గుడగుడ అంటది, నిండితె ఆ సప్పుడు ఆగుతది, మోకు బరువు చెప్తది," అన్నాడు ఈయన. "తొండం పడ్డది నీళ్లే చెప్తయి. ఎద్దులు ఎనకకు ఎక్కేటప్పుడు బావి దరి యాడున్నదో, అదొక్కటే నాకు తెల్వది సాబ్."

దారోగా పాన్ ఉమ్మేసి వచ్చి, ఆ దరి ముందర తాటిమొద్దు ఒకటి అడ్డంగా పాతించాడు. ఎద్దు కాలికి అది తగిలితే ఆగుతుంది, ఈయన మడమకు తగిలితే ఈయన ఆగుతాడు. ఏండ్ల తరబడి అదే బాట తొక్కిన ముసలి ఎద్దుల జోడీ ఇప్పించాడు. నన్ను అదే బావి కింద మళ్లకు నీళ్లు కట్టే పనికి పెట్టాడు. అట్లా పని దొరికింది. ఆ సాయంత్రం ఈయన రెండు రొట్టెలు తిని మూడోది అడిగాడు.

అయితే కొత్త తిప్పలు వచ్చాయి. తోటలో ఏడెనిమిది బావులు. మోట తోలేవాళ్లంతా పాడుతూ తోలేవాళ్లు. అది ఊరికే సరదా కాదు. దారోగా ఎక్కడో మామిడిచెట్టు నీడన కూర్చొని ఏ బావి నడుస్తోందో ఆ పాటను బట్టే తెలుసుకునేవాడు. పాట ఆగిందంటే మోట ఆగిందన్నట్టు. ఈయనేమో పాడడు. పాడితే మోట గుడగుడ వినిపించదు కదా. పక్క బావివాళ్లు నవ్వేవాళ్లు. "ఏం నీరడి మామా, నీ ఎద్దులు గిట్ల ఇంటికి పోయినయా? సప్పుడే లేదు." ఈయన కూడా తక్కువ తినలేదు. "నీ పాటకు బెదిరి పోయి ఉంటయి, ఎతుకుతున్న."

ఒకనాడు మా బావి నుంచి చాలాసేపు ఏమీ వినరాక దారోగా ఉరుకుతూ వచ్చాడు. పాన్ గొంతుకు అడ్డం పడి దగ్గుతున్నాడు.

"సచ్చినవా, బతికినవా?"

"బతికే ఉన్న సాబ్. కాలువ చూడున్రి."

"మరి పాటేది?"

ఈయన సంగతి చెప్పాడు. ఆ దారోగా ఏం చేశాడో తెలుసా? గిలక పక్కన నిలబడి కండ్లు మూసుకున్నాడు. "తోలు," అన్నాడు. ఎద్దులు వెనక్కి ఎక్కాయి. మోట బావిలోకి దిగింది. సరిగ్గా అప్పుడే పక్క బావివాడు గొంతెత్తాడు. వాడిది తోటకంతా పెద్ద గొంతు. మోట మునిగిందో నిండిందో ఏమీ వినరాలేదు. దారోగా కండ్లు తెరిచి, "అరే, గీ నడుమ నువ్వు ఎట్ల తోలుతున్నవయ్యా ఇన్నొద్దులు?" అన్నాడు.

పక్క బావివాణ్ని పిలిచి పాట బందు పెట్టమన్నాడు. వాడు లబోదిబోమన్నాడు. "పాట లేకుంటె నా ఎద్దులు కదలయి సాబ్. వాటికి అలవాటైంది." దారోగా పాన్ నములుతూ ఆలోచించాడు. చివరికి ఆ పెద్ద గొంతువాణ్ని తోట ఆ కొసన ఉన్న బావికి పంపి, అందరిలోకీ గొంతు అసలే బాగాలేనివాణ్ని తెచ్చి మా పక్క బావి మీద పెట్టి, ఇక నోరు తెరవొద్దన్నాడు. ఆ ఒక్క హుకుముతో తోట మొత్తం సంతోషించింది. వాడు కూడా తప్పుగా అనుకోలేదు. "పోనీ మామా, నేను పాడితె మా ఇంటిదే చెవులు మూసుకుంటది," అనేవాడు.

ఆ తర్వాత ఏండ్లకు ఏండ్లు ఆ బావి నీ పెదనాయన బావి అయింది. ఎండాకాలం అన్ని బావుల్లో నీళ్లు అడుగుకు దిగినప్పుడు మోట నిండకుండా పైకి లాగేస్తారు కొందరు. ఈయన మోట నిండని చప్పుడు వింటే ఎద్దులను కదలనిచ్చేవాడు కాదు. నా మళ్లు ఎండలేదు. నేను నీళ్లు కట్టిన వంకాయలు ఎంత నిగనిగలాడేవో చెప్పలేను.

తర్వాత దారోగా ముసలివాడై కొడుకు దగ్గరికి పోయాడు. పట్నం నుంచి కొత్తాయన వచ్చాడు. గుర్రం దిగకుండానే తోట తిరిగాడు. మా బావి దగ్గర ఆపాడు.

"గీ బావి ఎందుకు బందున్నది?"

"బంద్ లేదు దొరా, నడుస్తుంది," అన్నాను.

దగ్గరికి వచ్చి ఈయన కండ్లు చూశాడు. "కండ్లు లేనోనికి సంస్థానం ఎద్దులు ఇచ్చిన్రా? రేపు బావిల పడితె జవాబు ఎవరు చెప్పాలె? పాట లేదంటె పని లేదన్నట్టే. ఎల్లుండి నుంచి గీ బావికి ఇంకొకణ్ని చూస్త."

గుర్రం పోయింది. ఈయన మోకు పట్టుకొని అట్లానే నిలబడ్డాడు. ఆ రోజు రొట్టె ముట్టలేదు. గద్వాలలో విస్తరి ముందర చూసిన ముఖమే మళ్లీ చూశాను. చెరువు పోయింది, కండ్లు పోయాయి, ఇప్పుడు బావి కూడా పోతే ఈ మనిషిని ఏం పెట్టి నిలబెట్టాలో నాకు తోచలేదు. పాత దారోగా పెట్టిన పద్ధతి ఏ కాయితం మీదా లేదు. ఆయన వెంటే పోయింది అనుకున్నాను.

తెల్లారి లేచి పనికి పోయాం. ఎందుకో తోట వేరుగా ఉంది. నాకు మొదట తెలియలేదు, ఈయనకే తెలిసింది. "అందరు యాడికి పోయిన్రు?" అన్నాడు. చూస్తే అందరూ ఉన్నారు. అన్ని బావుల మీదా ఎద్దులు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. ఒక్క గొంతు లేదు. ఆ కొసన ఉన్న పెద్ద గొంతువాడు కూడా నోరు కట్టేసుకొని, పాట లేక మొరాయిస్తున్న ఎద్దులను తోక పట్టి నెడుతూ చెమటలు కక్కుతున్నాడు. తోటంతా గిలకల కిర్రు, నీళ్ల చప్పుడు, అంతే.

కొత్త దారోగా గుర్రాన్ని ఉరికించుకుంటూ వచ్చాడు. మోటలన్నీ ఆగాయనే అనుకున్నాడు. బావి బావికీ పోయి చూశాడు. అన్నీ నడుస్తున్నాయి. చివరికి అందరిలోకీ పెద్దవాణ్ని నిలదీశాడు.

"ఏంది గిది? అందరికి నోరు పడిపోయిందా?"

"నోరున్నది దొరా," అన్నాడు ఆ పెద్దమనిషి. "పాట లేకుంటె పని లేదన్నరు గదా. నడిచి చూడున్రి. ఏ బావి కింద నీళ్లు తక్కువున్నయో మీరే చెప్పున్రి."

ఆయన గుర్రం దిగాడు. కాలువల వెంట నడిచాడు. చెప్పులు బురదయ్యాయి. మా కాలువ దగ్గర చాలాసేపు నిలబడి తొట్టిలో పడే నీళ్లను చూశాడు. మంచి మాట ఏమీ అనలేదు. "సరే. బావిల పడితె మాత్రం నన్ను అడగొద్దు," అని ఈయనతో అన్నాడు.

"పడితె నేనేం అడుగుత దొరా," అన్నాడు ఈయన.

ఆ దారోగాకు కూడా నవ్వు ఆగలేదు. బావి మాకే ఉంది.

మధ్యాహ్నం ఎద్దులు విప్పాక ఈయన అందరి దగ్గరికీ పోయాడు. వాళ్లు మెచ్చుకుంటాడనుకున్నారు. కోప్పడ్డాడు. "నా కోసమని ఎద్దులను సతాయిస్తరా? దూరం నుంచి మీ పాటలు ఇనుకుంటనే గదా నేను పొద్దు ఎల్లదీసేది. రేపటి నుంచి పాడున్రి." మా పక్క బావివాడు మెల్లగా, "నేను గూడనా మామా?" అన్నాడు. "నువ్వొద్దు," అన్నాడు ఈయన.

వాళ్లకు ఎవరు చెప్పారో, ఎప్పుడు అనుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ సాయంత్రం నన్ను ఒక్క మాట అడగలేదు. పొద్దంతా పాడకుండా మోట తోలడమంటే ఆ మనుషులకు ఎంత కష్టమో నీకు తెలియదు. కాళ్లు కట్టేసుకొని నడిచినట్టు.

ఇప్పుడు నీ బిలాయతు మాటకు వస్తాను. నువ్వు ఇంకొకటి కూడా చెప్పావు. పెద్ద మేడల్లో మనుషులను పైకి ఎక్కించి కిందికి దించే పెట్టె ఉంటుందట, దాన్ని నడిపే పనీ, మోటారు బండ్లకు కాపలా పనీ ఒళ్లు చెడినవాళ్లకే అని పెట్టారట. "ఆ రెండే ఎందుకు? ఎద్దుల కాడ వద్దన్నరా?" అని నేను అడిగితే నువ్వు నవ్వావు. నేను నవ్వులాటకు అడగలేదు. ఆ రెండు పనులు చాలని ఎవరు తేల్చారు? కండ్లు లేనివాణ్ని అడిగి తేల్చారా?

అయినా ఆ దేశాన్ని తక్కువ చేయను. అంత దూరాన, అంత పెద్ద యుద్ధం చేసి, విరిగి వచ్చినవాళ్లకు విస్తరి వేసి ఊరుకోకుండా పని ఇవ్వాలని కాయితం మీద రాసుకున్నారంటే గొప్ప మనసే. నువ్వు వాదించావు: "కాయితం మీద ఉంటే దారోగా మారినా పని మారదు పెద్దమ్మా." ఒప్పుకున్నాను. ఆ కొత్త దారోగా గుర్రం పోయిన సాయంత్రం నేను ఎంత వణికానో నాకు తెలుసు. కానూను ఉంటే ఆ వణుకు ఉండేది కాదు. తోటవాళ్లకు పట్టించుకునే మనసు లేకపోయి ఉంటే మా గతి ఏమయ్యేదో కూడా తెలుసు. కానీ కానూను మనిషిని బావి దాకా తెచ్చి నిలబెడుతుంది. తాటిమొద్దు ఎక్కడ పాతాలో, ఎవరి నోరు ఎక్కడ ఆగాలో అది చెప్పలేదు. నీ బిలాయతు కానూనూ, మా తోట మనుషులూ ఒక్క చోట ఉంటే బాగుండేది.

నువ్వు సర్కారుకు ఒక అర్జీ రాయాలనుకుంటున్నావని మీ ఆవిడ చెప్పింది. మన దిక్కు కూడా అట్లాంటి కానూను రావాలని. రాయి. కచేరివాళ్లు నవ్వినా రాయి. మూడు రాజ్యాల సంగతీ ఇందులో ఉంది, కావలసినంత తీసుకో.

చీకటి కాకముందే కానిద్దాం, నీ కాలు కూడా తిమ్మిరెక్కినట్టుంది, చాపుకో. రాసిందంతా మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు. ఎక్కడన్నా నీ పెదనాయనను అయ్యో పాపం అనిపించేటట్టు రాశావేమో నేను వినాలి. ఉంటే అక్కడే ఆపి కొట్టేయిస్తాను. ఊ, చదువు.